పై అంతస్తు పండుగలో ఒక్కరికే చోటు

ఇది రాసి పెట్టకపోతే మా ఆడబిడ్డ చెప్పే కథే మిగిలిపోతుంది. పెళ్ళిళ్ళలో, పుట్టినరోజుల్లో, ఆదివారం వీడియో కాల్స్‌లో ఆమె దాన్ని చాలాసార్లు చెప్పింది: "కరోనా టైంల లావోస్ వాళ్ళ పండుగకు మా వదిన నా సీటు గుంజుకున్నది." అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. తర్వాత ఎవరో ఒకరు లావోస్ అంటే ఎక్కడ అని అడుగుతారు. ఆమె "థాయ్‌లాండ్ పక్కన" అని చెప్పి ఫోన్ చూసుకుంటుంది. ఆ దేశం గురించి అంత తక్కువ చెప్పి, నా గురించి అంత ఎక్కువ చెప్పడం నాకు నచ్చదు. ఆ రోజు పైకి వెళ్ళింది నేను. అక్కడ జరిగింది చూసింది నేను. కాబట్టి రాయాల్సింది కూడా నేనే.

నా చదువు ఇంటర్‌తో ఆగింది. ఆ తర్వాత చదివిందంతా గ్రంథాలయాల్లో చదివిందే, ఆ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. జగిత్యాల గ్రంథాలయంలో మగవాళ్ళు పేపర్ల బల్ల చుట్టూ కూర్చుంటే నేను లోపలి బీరువాల మధ్య నిలబడి దూరదేశాల గురించి చదివేదాన్ని. మ్యూనిక్ వచ్చాక జర్మన్ కూడా సిటీ లైబ్రరీలో పిల్లల బొమ్మల పుస్తకాలతో మొదలుపెట్టి, మెల్లగా పెద్దవాళ్ళ అల్మారాలకు చేరుకున్నాను. మా ఆయన ఐటీ ఉద్యోగంలో ఉన్నా, ఇంటి ఓనర్‌తో మీటె, అంటే అద్దె, గురించి మాట్లాడాల్సి వస్తే ఫోన్ నా చేతికే ఇస్తాడు.

మా పై అంతస్తులో ఇద్దరు ముసలివాళ్ళు ఉండేవారు. పోస్టు డబ్బా మీద వాళ్ళ ఇంటిపేరు ఎంత పొడుగంటే చివరి అక్షరాలు పక్క డబ్బా అంచును తాకేవి. థాయ్ వాళ్ళనుకున్నాను. ఒకరోజు కింద బట్టలుతికే గదిలో ఆవిడను అడిగితే "లావోస్" అంది. ఆ సాయంత్రమే వెళ్ళి ఆ దేశం మీద దొరికిన పుస్తకాలన్నీ తెచ్చుకున్నాను.

అంత చిన్న దేశంలో అన్ని రకాల మనుషులుంటారని నాకు అప్పటిదాకా తెలియదు. సముద్రం లేదు, పొడుగునా మెకాంగ్ నది ఉంది. దేశం మొత్తం జనం హైదరాబాద్ జనం కంటే తక్కువ, జాతులు మాత్రం యాభై దాకా. నది ఒడ్డున మైదానాల్లో వరి పండించే లావో వాళ్ళు. కొండ వాలుల మీద ఖ్ము వాళ్ళు, లావో వాళ్ళకంటే ముందునుంచి అక్కడున్నవాళ్ళు. ఇంకా పైన, మబ్బుల దగ్గర, హ్మాంగ్ వాళ్ళు. లావో వచ్చినంత మాత్రాన ఖ్ము అర్థం కాదు. ఖ్ముకు దూరపు చుట్టం ఎవరో కాదు, మన దేశంలోని సంతాలీ. లావో లిపికి మూలం వెతుక్కుంటూ పోతే మన దక్షిణాది లిపుల దగ్గరికే వస్తాం. మైదానంలో బౌద్ధం ఉంది, ఊరూరా ఆరామాలున్నాయి. బౌద్ధం రాకముందునుంచీ కొలిచే ఆత్మలూ ఉన్నాయి: ఇంటికొకటి, ఊరికొకటి, అడవికొకటి. కొండల్లో చాలామందికి అవే దేవుళ్ళు. అక్కడక్కడ క్రైస్తవులూ ఉన్నారు.

ఇదంతా చదివి పెట్టుకుని పై అంతస్తుకు ఎప్పుడు పిలుస్తారా అని ఎదురుచూశాను. పిలిచారు, కరోనాకు ముందు చలికాలంలో. బల్ల మధ్యలో వెదురు బుట్ట, అందులో ఆవిరి మీద వండిన జిగురు బియ్యం అన్నం. ఆవిడ భర్త వేళ్ళతో ఒక ముద్ద తీసి, నలిపి, కూరలో అద్దుకుని తిన్నాడు. మళ్ళీ అదే చెయ్యి అదే బుట్టలోకి వెళ్ళింది. ఆవిడా అంతే. బుట్ట నా వైపు జరిపారు. లావోస్‌లో ఒకే బుట్టలోంచి తినడం మర్యాద అని నాకు తెలుసు, ఆ పేజీ నేను చదివాను. కానీ నేను పెరిగిన ఇంట్లో ఎంగిలి చెయ్యి అన్నం గిన్నెలో పడితే ఆ గిన్నె మొత్తం బయటికి పోయేది. నా చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చింది. ఒక ప్లేటు అడిగాను.

ఆవిడ ఏమీ అనుకున్నట్టు కనపడలేదు. ప్లేటు, ఫోర్క్, కత్తి తెచ్చి పెట్టింది. ఆ తర్వాత ఎప్పుడు పైకి వెళ్ళినా నా ముందు ప్లేటు, ఫోర్క్, కత్తి సిద్ధంగా ఉండేవి. నన్ను ఇంటిపేరుతో "ఫ్రావ్" అని, అంటే శ్రీమతి అని, పిలిచేది. నేను వాళ్ళ ఆరామాల గురించి, ఉపవాసాల గురించి అడిగితే ఓపిగ్గా జవాబు చెప్పేది. మేం బాగా దగ్గరయ్యామనే అనుకున్నాను.

లాక్‌డౌన్ వచ్చింది. లైబ్రరీ మూసేశారు, నా దగ్గరున్న పుస్తకాల గడువు పెంచారు. డార్మ్‌స్టాట్‌లో మాస్టర్స్ చేస్తున్న మా ఆడబిడ్డకు క్లాసులన్నీ ఆన్‌లైన్ అయ్యాయి. హాస్టల్ గదిలో ఒక్కతే ఉండలేక మా ఇంటికి వచ్చేసింది. రెండు వారాలని వచ్చి ఏడాది పైనే ఉండిపోయింది. జర్మన్ ఆమెకు లెక్కపెట్టగలిగినన్ని మాటలే వచ్చు. పుస్తకం పట్టుకోగా నేను చూడలేదు. పై అంతస్తు వాళ్ళకు సూపర్‌మార్కెట్ నుంచి సరుకులు తెచ్చే పని ఆమెకు అప్పజెప్పింది నేనే. ముసలివాళ్ళు బయటికి వెళ్ళకూడదు కదా అని.

మొదట సంచి గుమ్మం ముందు పెట్టి వచ్చేసేది. తర్వాత మెట్ల మీద ఆమె, తలుపులో ఆవిడ కూర్చుని, వచ్చిన నాలుగు జర్మన్ మాటలతో, మిగతాది ఫోన్‌లో తర్జుమాతో, కబుర్లు మొదలుపెట్టారు. కింద వంటింట్లో నాకు నవ్వులు వినిపించేవి. ఎండాకాలంలో నిబంధనలు సడలించాక ఈ పిల్ల ఏకంగా లోపలికే వెళ్ళిపోయింది. ఒకరోజు వేళ్ళకు జిగురు అన్నం అంటుకుని వచ్చింది.

"బుట్టలోంచే తిన్నవా?"

"మరి? హాస్టల్ల ఒక్క డబ్బాల ఎనమండుగురం తిన్నోళ్ళం వదినా. గదేం పెద్ద ముచ్చట."

ఆ సాయంత్రం మెట్ల మీద ఆవిడ ఆమెను "లూక్" అని పిలవడం విన్నాను. లూక్ అంటే లావో భాషలో బిడ్డ. అక్కడివాళ్ళు కూడా మనలాగే మనుషులను వరుసలు కలిపి పిలుస్తారు, పరాయివాళ్ళను కూడా. అది నేను చదివాను. చదివిన నాకు ఫ్రావ్, చదవని ఆమెకు లూక్. ఆ రాత్రి చపాతీలు కొంచెం గట్టిగానే ఒత్తాను.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. భోజనాల దగ్గర మా ఆయన ఆఫీసు గోల చెప్తుంటే మా ఆడబిడ్డ ఏదో గుర్తొచ్చినట్టు అంది.

"పైన అమ్మమ్మ లావో ఆమె కాదంట, ఎరుకేనా? తాత లావో. ఆమెది కొండల ఊరు. ఖ్ము అంట. పెండ్లయినంకనే లావో నేర్చుకున్నదంట. వాళ్ళోళ్ళకు బుద్ధుడు గిద్ధుడు లేడంట, అంతా ఇంటి దేవతలేనంట."

ఇన్నాళ్ళూ నేను ఆవిడను బౌద్ధ పండుగల గురించే అడిగాను. ఆవిడ తన భర్త పండుగలు నాకు చెప్పింది. తనవి నేను అడగలేదు కాబట్టి చెప్పలేదు. పుస్తకంలో ఖ్ముల మీద ఒక అధ్యాయమే ఉంది. ఆ అధ్యాయంలోని మనిషి మా నెత్తిమీద అంతస్తులో నడుస్తోందని నాకు తట్టలేదు.

"నువ్వెట్ల అడిగినవ్?" అన్నాను, గొంతు మామూలుగా ఉంచుకుని.

"ఏం అడగలే. మీ అమ్మ ఏం కూరలు వండేది అన్న. గంతే."

మా ఆయన నా మొహం చూసి "చెల్లె పీహెచ్‌డీ కూడా చేసేటట్టుంది" అన్నాడు. ఆయన అలాంటి సమయాల్లోనే జోకులేస్తాడు.

ఆ తర్వాత ఆమె మెట్లెక్కుతున్న చప్పుడు వినపడితే నేను కుక్కర్ పెట్టేదాన్ని, ఆ నవ్వులు వినపడకుండా. ఆమె తెచ్చిన ప్రతి సంగతినీ పుస్తకం తీసి సరిచూసేదాన్ని. తప్పు దొరికితే సంతోషంగా ఉండేది. ఎక్కువసార్లు దొరికేది కాదు.

మరుసటి ఏడాది ఏప్రిల్‌లో మళ్ళీ అన్నీ బిగించారు. ఒక ఇంటివాళ్ళను కలవడానికి బయటినుంచి ఒక్క మనిషే వెళ్ళాలి. ఆ ఏడు ఉగాది మర్నాడే లావో వాళ్ళ కొత్త సంవత్సరం. ఉగాది పచ్చడి పట్టుకుని మా ఆడబిడ్డ పైకి వెళ్ళి, గుమ్మం దగ్గర ఇచ్చి, వెలిగిపోతున్న మొహంతో వచ్చింది.

"రేపు పొద్దున దారాలు కట్టుకుంటరంట. మీ ఇంటినుంచి ఒకరు రావాలె అన్నది."

అది ఏ వేడుకో నాకు తెలుసు. మనిషి ఒంట్లో ముప్పై రెండు ప్రాణాలుంటాయని వాళ్ళ నమ్మకం. ఒక్కో అవయవానికి ఒకటి. వాటిని ఖ్వన్ అంటారు. భయపడినా, జబ్బుచేసినా, దూరం పోయినా అవి ఒళ్ళు వదిలి ఎక్కడికో వెళ్ళిపోతాయట. వాటిని పేరుపెట్టి వెనక్కి పిలిచి, మళ్ళీ పోకుండా మణికట్టుకు తెల్లని నూలుతో కట్టేస్తారు. ఇది బౌద్ధం కంటే పాతది. లావో వాళ్ళకూ ఖ్ము వాళ్ళకూ ఉంది. పుస్తకంలో ఆ పళ్ళెం ఫొటో ఎన్నిసార్లు చూశానో.

"ఒకరు రావాలె అన్నదా, నువ్వు రావాలె అన్నదా?" అని అడిగాను.

అబద్ధం ఆడే అలవాటు ఆమెకు లేదు. "ఒకరు అన్నది. కానీ నన్ను చూసుకుంటనే అన్నది."

"నిన్ను కాక ఎవర్ని చూస్తది, ఎదురుగ ఉన్నది నువ్వే కదా."

"వదినా, నేను పోత."

"ఇంటికి పెద్దదాన్ని నేనున్న."

"చిట్టీలేద్దామా?" అన్నాడు మా ఆయన. ఇద్దరం చూసిన చూపుకు లాప్‌టాప్ వైపు తిరిగిపోయాడు. అయినా ఊరుకోక, అటు తిరిగే అన్నాడు: "అసలు నీ ఆన్‌మెల్డుంగ్, గదే అడ్రస్ రిజిస్ట్రేషన్, డార్మ్‌స్టాట్‌ల ఉన్నది. కాయిదాల లెక్కన నువ్వు ఈ ఇంటి మనిషివే కావు."

"అన్నా, నువ్వు మీటింగ్ చూసుకో."

నేను చపాతీ పిండి మూతపెట్టి చెప్పాను. "నేనే పోతున్న. రెండేండ్లసంది చదువుతున్న దాని గురించి."

వేపపువ్వు దొరక్క కాకరకాయ తురిమి వేసిన పచ్చడి గిన్నెలో ఆమె చెంచా తిప్పుతూ కూర్చుంది. చివరికి అంది.

"పో వదినా. పుస్తకంల లేనిది ఏమన్న కనవడితే వచ్చి చెప్పు."

మర్నాడు టెస్ట్ చేసుకుని, ఎఫ్‌ఎఫ్‌పీ2 మాస్కు పెట్టుకుని, ఉతికిన చీర కట్టుకుని పైకి వెళ్ళాను. తలుపు తీసిన ఆవిడ నా భుజం మీదుగా మెట్ల వైపు చూసింది. ఎవరూ రాకపోయేసరికి "రండి, ఫ్రావ్" అంటూ లోపలికి జరిగింది. ఆ చూపు నేను గమనించలేదని ఆవిడ అనుకుని ఉంటుంది.

కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. చలి. నేల మీద చాప, చాప మీద పళ్ళెం. ఆసియా షాపులో ఫ్రీజర్‌లోంచి తెచ్చిన అరటాకును శంకువులా చుట్టి నిలబెట్టారు. దానికి బంతిపూలు గుచ్చాలి. మ్యూనిక్‌లో ఏప్రిల్‌లో బంతిపూలెక్కడివి, పసుపుపచ్చ డాఫొడిల్స్ గుచ్చారు. చుట్టూ ఉడికించిన గుడ్లు, అన్నం, చిన్న సీసా సారాయి, వేలాడుతున్న తెల్లని నూలుపోగులు. ఆవిడ భర్త చిన్నప్పుడు కొన్నేళ్ళు ఆరామంలో ఉన్నవాడు, మంత్రాలు వచ్చు. ఒక కండువా అడ్డంగా వేసుకుని చేతులు జోడించి మొదలుపెట్టాడు. పాట కాదు, మాట కాదు, రెంటికీ మధ్య. అడవిలో ఉన్న ఖ్వన్ రా, నది దాటిన ఖ్వన్ రా, భయపడి దాక్కున్న ఖ్వన్ ఇంటికి రా అని దాని అర్థమని నాకు తెలుసు. నలభై ఏళ్ళ కిందట ఆ ఇద్దరూ పడవలో మెకాంగ్ దాటి, దేశం వదిలి వచ్చినవాళ్ళే.

పిలవడం అయ్యాక ఆయన ఒక పోగు తీసుకుని దాంతో భార్య మణికట్టు మీద నిమిరి కట్టబోయాడు. ఆవిడ రెండో చేతిని దణ్ణం పెట్టినట్టు ముక్కు దగ్గర నిలబెట్టింది. అప్పుడు నాకు అర్థమైంది, వాళ్ళకు బయటి మనిషి ఎందుకు కావలసివచ్చిందో. కట్టేవాళ్ళు ఒకరు, కట్టించుకునేవాళ్ళు ఒకరు. కట్టించుకునే మనిషిని వెనకనుంచి తాకి పట్టుకునేవాళ్ళు ఒకరుండాలి, ఆ దీవెన ఒంటరిగా పోకుండా. ఇంట్లో ఇద్దరే ఉంటే ఆ మూడో చెయ్యి ఉండదు.

ఎవరూ చెప్పకుండానే ముందుకు జరిగి ఆవిడ మోచేతి కింద చెయ్యి పెట్టాను. ఏడాదిగా మా ఇంట్లోని ఇద్దరిని తప్ప నేను ఎవర్నీ తాకలేదు. పలచని చర్మం, లోపల చిన్న ఎముక.

ఆవిడ తల తిప్పి చూసింది. "ఎవరు చెప్పారు? పిల్ల చెప్పిందా?"

"కాదు. పుస్తకం."

"మంచి పుస్తకమే," అంది.

ఆ ఒక్క మాటకోసం నేను ఆ చలిలో ఇంకో గంటైనా కూర్చునేదాన్ని. తర్వాత ఆవిడ ఆయనకు కట్టింది, నేను పట్టుకున్నాను. ఆపైన నాకు కట్టింది, ఆయన నా భుజం పట్టుకున్నాడు. ఆరోగ్యం, మంచి నిద్ర, దారిలో క్షేమం. ఆవిడ లావోలో అంటుంటే ఆయన జర్మన్‌లో చెప్పాడు. అన్నం దగ్గర నా ముందు ప్లేటు, ఫోర్క్, కత్తి ఉన్నాయి. మాస్కు తీసి, ప్లేటు పక్కకు జరిపి, బుట్టలో చెయ్యి పెట్టాను. ఆవిడ బుట్టను ఒక జానెడు నా వైపు జరిపింది.

కానీ తింటున్నంతసేపూ పిల్ల మాటే. తిన్నదా, పరీక్షలు ఎప్పుడు, డార్మ్‌స్టాట్ ఎప్పుడు వెళ్తుంది, అక్కడ ఒక్కతే ఉంటుందా. నేను వెళ్ళింది నా చోటుకి కాదు, ఆమె ఖాళీగా ఉంచిన చోటుకి అని ప్రతి ప్రశ్నా గుర్తుచేసింది.

లేవబోతుంటే ఆవిడ ఇంకో పోగు తీసింది. దాన్ని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, కళ్ళు మూసుకుని, చాలాసేపు ఏదో అంది. అది లావో కాదు. ఇంతసేపూ వింటున్న ఆ సాగదీత అందులో లేదు. మాటలు పొట్టిగా, గులకరాళ్ళలా ఉన్నాయి. అన్నాక పోగుకు మధ్యలో ముడివేసి నా చేతిలో పెట్టింది.

నేను ఆయన వైపు చూశాను. ఆయన చిన్నగా నవ్వాడు.

"అది నాకూ రాదు. వాళ్ళ అమ్మ భాష. దానిలో ఆమె మాట్లాడగా విని ఎన్నేళ్ళయిందో."

"అర్థం ఏమిటి?" అని ఆవిడను అడిగాను.

"పిల్లకు కట్టండి," అంది ఆవిడ. "అంతే."

నా దారానికి లావో. పిల్ల దారానికి ఖ్ము. మెట్లు దిగుతుంటే ఆ పోగు నా గుప్పిట్లో వెచ్చగా ఉంది. దాన్ని నేనే కట్టేసుకుంటే ఎవరికి తెలుస్తుందన్న ఆలోచన రెండు అంతస్తుల మధ్య మలుపులో వచ్చింది, తలుపు తీసేలోపు పోయింది.

మా ఆడబిడ్డ వంటింట్లోనే ఉంది. నా మణికట్టు మీది దారం చూసి మొహం తిప్పుకుంది.

"ఏమన్న కనవడ్డదా, పుస్తకంల లేనిది?"

"కనవడ్డది. చెయ్యి ఇటియ్యి." ఆమెకు పోగు చూపించాను. "ఇది నీకు పంపింది. దీనిమీద వాళ్ళ అమ్మ భాషల చెప్పింది. నా దానిమీద చెప్పలే. తాతకు కూడ సమజ్‌గాలే."

ఆ మాట పైకి అనడం నాకు కష్టంగానే ఉంది. పిల్ల మొహం మళ్ళీ నా వైపు తిరిగింది.

"ఏం చెప్పింది?"

"చెప్పలే. కట్టుమన్నది."

మా ఆయనను లాప్‌టాప్ దగ్గర్నుంచి పిలిచి చెల్లెలి మోచెయ్యి పట్టుకొమ్మన్నాను. "మీటింగ్ల ఉన్నా" అంటూనే వచ్చి పట్టుకున్నాడు. ఆమె రెండో చెయ్యి ఎలా పెట్టాలో చూపించాను. నూలుతో మణికట్టు మీద నిమిరాను. అప్పుడు ఆగిపోయాను. లావో దీవెన నాకు వచ్చు, పుస్తకం వెనక జర్మన్ అర్థంతో సహా ఉంది. అది అందామని నోరు తెరిచాను.

"వదినా, నువ్వేం చెప్తవ్?" అంది ఆమె.

"సల్లగుండు బిడ్డా," అన్నాను. మా అమ్మ అనే మాట అది. ఎప్పుడో అలవాటు తప్పింది. ముడి వేశాను.

మూడు రోజులదాకా విప్పకూడదని, కత్తెరతో అసలు కోయకూడదని చెప్పాను. ఆమె మూడు నెలలు ఉంచుకుంది. నాది నాలుగోరోజు గిన్నెలు తోముతుంటే ఊడిపోయింది.

ఇప్పుడు ఆమె డార్మ్‌స్టాట్‌లోనే ఉద్యోగం చేస్తోంది. ఆదివారం సాయంత్రాలు పై అంతస్తులో ఫోన్ మోగుతుంది, ఆ వెంటనే నవ్వులు. ఆ నవ్వు ఎవరికోసమో నాకు తెలుసు. ఇప్పటికీ కుక్కర్ పెట్టాలనిపిస్తుంది. నేను పైకి వెళ్తే ప్లేటు పెట్టరు. ఫ్రావ్ మాత్రం ఇంకా పోలేదు.

ఈ రాత వెనక ఉన్నవాళ్ళకు కృతజ్ఞత చెప్పుకోవాలి. పేర్లు రాయను. లావోస్‌లో, మా ఊళ్ళో, రెండుచోట్లా మనుషులను వరుసలతోనే పిలుచుకుంటారు కాబట్టి ఆ వరుసలతోనే చెప్తాను. గడువు దాటిన పుస్తకాలకు ఒక్క మాట అనని సిటీ లైబ్రరీ అక్కకు. లోపలి బీరువాల తాళంచెవి నాకిచ్చిన జగిత్యాల గ్రంథాలయం సార్‌కు. మీటింగ్ మధ్యలో వచ్చి మోచెయ్యి పట్టుకున్న మా ఆయనకు. ప్రతి దీవెననూ నాకు జర్మన్‌లో విడమరిచి చెప్పిన పై అంతస్తు తాతకు. నన్ను మంచి పుస్తకం చదివిన మనిషిగా గుర్తుపెట్టుకున్న అమ్మమ్మకు. చివరగా మా ఆడబిడ్డకు. ఆ రోజు సీటు నేనే తీసుకున్నాను, నిజమే. కానీ పిల్లా, ఆ ఇంట్లో అసలు చోటు ఎవరిదో నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇక ఈ కథ చెప్పేటప్పుడు అది కూడా కలిపి చెప్పు.